ఫోన్‌కి రాని రెండు ఆదివారాలు

గిలక వాళ్ళమ్మకు,

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. ఈ రెండు వాక్యాలూ ప్రతి ఉత్తరంలో కలం దానంతటదే రాసేస్తుంది. ఈసారి మాత్రం మొదటి వాక్యం రాశాక కాసేపు ఆగిపోయాను. కొట్టెయ్యాలా ఉంచాలా అని ఆలోచించి, ఇవాళ్టి మటుకు నిజమే కదా అని ఉంచేశాను. మొత్తం చదివాక నువ్వే తేల్చుకో.

నీ ఉత్తరం బుధవారం అందింది. సరుకుల లారీలో వచ్చినట్టుంది, కవరుకి ఉల్లిపాయల వాసన. సొరంగంలో మళ్ళీ నీళ్ళు ఊరాయనీ, రెండో షిఫ్టు వాళ్ళు భోజనం సగంలో వదిలేసి పరిగెత్తారనీ, వండిందంతా నీ కళ్ళ ముందే చల్లారిపోయిందనీ రాశావు. అంత పెద్ద క్యాంపు వంటశాలని ఒక్కదానివీ నెట్టుకొస్తున్నావు. నీ ఉత్తరంలో ఎక్కడా విసుక్కున్నట్టు లేదు గానీ, అక్షరాలు చివరికొచ్చేసరికి కిందకి జారిపోయాయి. నిలబడి రాశావో, నిద్రలో రాశావో.

ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ పొడుగాటి ఉత్తరాలెందుకని మీ అమ్మ అడిగింది. ఫోనంటే నీ వెనక వంతు కోసం నిలబడ్డవాళ్ళ దగ్గులు వినిపిస్తుంటాయి. ఇటు నా పక్కన మీ అమ్మ, మా ఇద్దరి మధ్యలో గిలక. ఫోన్లో నేను చెప్పేవన్నీ వాళ్ళందరూ వినదగ్గ మాటలే. అందుకే ఈ కాగితం. నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. ఒక్కదానికి మటుకు చివర్లో.

జుట్టు మొత్తం పోయింది. కనుబొమ్మలు కూడా సగానికి వచ్చాయి. గిలక తన పెన్సిల్‌తో దిద్దుతానని వెంటపడి ఒకరోజు దిద్దింది కూడా. కొంచెం పైకి గీసింది. ఆ రోజంతా ఎవరేం చెప్పినా ఆశ్చర్యపోతున్నవాడి మొహంతో తిరిగాను.

తిండి తింటున్నాను. రుచి సంగతి అడక్కు. ఏది నోట్లో పెట్టుకున్నా ఇనుప మేకు చప్పరించినట్టుంది. మీ అమ్మ స్టీలు చెంచా తీసేసి ప్లాస్టిక్ చెంచా ఇచ్చింది, దాంతో కొంచెం నయం. పచ్చివి ఏవీ పెట్టదు. పండైనా సరే, కడిగి, తొక్క తీసిందైతేనే. నిన్నటిది ఇవాళ నా కంచంలోకి రాదు. పోపు వాసనకి నా కడుపులో తిప్పుతుందని ఆవిడ పొయ్యి వెలిగించే ముందు నన్ను వెళ్ళి వీధివైపు కిటికీ దగ్గర కూర్చోమంటుంది. వంటావిడ మొగుణ్ణయ్యుండి వంట వాసనకి పారిపోతున్నానని నువ్వు నవ్వుకో, ఫరవాలేదు.

నీ పూలకుండీలు మన బాల్కనీలో లేవు. మట్టిలో ఉండే బూజు ఈ రోజుల్లో నా ఒంటికి మంచిది కాదన్నారు. కింద వాటా పాలబూత్ ఆవిడ తీసుకుంది. రోజూ నీళ్ళు పోస్తోంది. మన దగ్గరున్నప్పటికంటే బాగా పూస్తున్నాయి, ఆ మాట నీకు రాయకూడదనుకున్నాను.

ఇక మీ అమ్మ గ్లౌజులు వేసుకుంటోందా, లేక మొండికేస్తోందా అని అడిగావు. వేసుకుంటోంది. హాస్పిటల్లో నర్సు జాగ్రత్తలన్నీ చెబుతున్నప్పుడు నేను మందు మత్తులో సగమే విన్నాను. మీ అమ్మ మాత్రం తన పాత బస్సు రూటులో స్టేజీల పేర్లు నేర్చుకున్నట్టు వరసగా బట్టీ పట్టేసింది. మందు ఎక్కించాక రెండు రోజుల దాకా అది నా ఒంట్లోంచి బయటికి పోతూనే ఉంటుందట. మూత్రంలో, వాంతిలో, చెమటలో కూడా కొంచెం. నాకు మందైనది మిగతావాళ్ళ ఒంటికి మంచిది కాదు. కాబట్టి నేను కమోడ్ మీద కూర్చునే పొయ్యాలి, మూత మూసి రెండుసార్లు నీళ్ళు వదలాలి. నా దుప్పట్లు, బట్టలు విడిగా, రెండుసార్లు ఉతకాలి. తుడిచిన గుడ్డలు ఒక సంచిలో కట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో వెయ్యాలి. మనకున్నది ఒక్కటే బాత్‌రూమ్. అందుకని ఆ రెండు రోజులూ గిలక పొద్దున్నే టవలు భుజాన వేసుకుని పాలబూత్ ఆవిడ ఇంటికి దిగుతుంది. అక్కడి సబ్బు మన సబ్బు కంటే మంచి వాసనట.

ఇవన్నీ మీ అమ్మే చూసుకుంటోంది. నీకు తెలుసుగా, ఆవిడకీ నాకూ మధ్య ఎప్పుడూ ఒక గడప ఉండేది. నేను గదిలోకొస్తే లేచి నిలబడేది. నేనెదురుగా ఉండగానే 'అల్లుడుగారు భోంచేశారా' అని నిన్నడిగేది. నేను కూడా ఆవిడ ముందు గట్టిగా తుమ్మి ఎరగను. అలాంటిది, మొదటిసారి మందు ఎక్కించుకొచ్చిన సాయంత్రం నా వాంతి బేసిన్ పట్టుకుని ఆవిడ నిలబడింది. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"నేను కడుక్కుంటాను అత్తయ్యా, అక్కడ పెట్టండి" అన్నాను.

"మీరు కూర్చోండి అల్లుడుగారూ. కొండ రోడ్డు మీద ఎన్నేళ్ళు టికెట్లు కొట్టాను. ఆ మలుపుల్లో జనం కక్కనిదంటూ ఏముంది? ఇది నాకు కొత్తా?" అంది గ్లౌజులు సర్దుకుంటూ.

పరామర్శకి వచ్చేవాళ్ళని గుమ్మంలోనే చూసి పంపించేది కూడా ఆవిడే. నేను కర్టెన్లు కుట్టిచ్చే హోటలు మేనేజరు లేడూ, అతను పాపం పళ్ళు పట్టుకుని వచ్చి గడపలోనే తుమ్మాడు. "సీట్లు లేవండీ, వెనక బండికి రండి" అని తలుపు వేసేసింది. పళ్ళు మాత్రం కిటికీలోంచి అందుకుంది.

ఇంతవరకూ రాసింది నీకు ఏదో ఒక ముక్కగా తెలిసిందే. ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. 'గిలకకి ఆటలమ్మ పోసిన ఆ వారాల్లో రెండు ఆదివారాలు నువ్వు ఫోన్‌కి ఎందుకు రాలేదు? అమ్మ ఒకసారి నిద్రపోతున్నాడంది, ఇంకోసారి స్నానం చేస్తున్నాడంది. అమ్మకి అబద్ధం చెప్పడం రాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు' అని రాశావు. నిజమే. ఆవిడకి రాదు. నాకూ అంత బాగా రాదని ఆ రోజుల్లోనే తెలిసింది.

గిలక వీపు మీద మొదటి పొక్కు చూసింది మీ అమ్మే. బడికి గౌను తొడుగుతూ చూసిందట. నేను లేచేసరికి ఆవిడ ఫోన్లో హాస్పిటల్ వాళ్ళతో మాట్లాడుతోంది, పిల్ల వంటగదిలో తలుపు వేసుకుని ఉంది. ఇంకెవరికైనా పిల్లల ఆటలమ్మ నాలుగు రోజులు దురద, అంతే. నా ఒంట్లో ఇప్పుడు దేన్నీ ఎదుర్కునే శక్తి లేదు కాబట్టి నాకది ప్రాణాల మీదకి రావచ్చు. వెంటనే రమ్మని రక్తం తీసి చూశారు. చిన్నప్పుడు నాకు వచ్చి పోయిందని తేలింది. అయినా ఈ స్థితిలో పూచీ లేదు, పొక్కులన్నీ మాడి చెక్కు కట్టేదాకా పిల్లకి దూరంగా ఉండమన్నారు. మన రెండు గదుల్లో దూరమెక్కడుంది? పొక్కులున్న పిల్లని ఎవరింటికి పంపిస్తాం? నేనే మన కుట్టు షాపుకి వెళ్ళి ఉంటానన్నాను.

మీ అమ్మ ఆ రోజే నా వెంట వచ్చి షాపు వెనక గది కడిగింది. గుడ్డల తానులన్నీ ప్లాస్టిక్ కప్పి ముందువైపుకి తోసేసింది. దుమ్ము లేకుండా మూడుసార్లు తడిగుడ్డ పెట్టింది. మూడోసారి కట్టింగ్ టేబుల్ కింద మోకాళ్ళ మీద పాకుతూ తుడుస్తుంటే, లేవడానికి టేబులు కాలు పట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. నేను చూడనట్టు అటు తిరిగాను. చెయ్యి అందించాల్సింది. అప్పటికింకా మా మధ్య గడప ఉంది.

ఆవిడకి చిన్నతనంలోనే ఆటలమ్మ పోసి పోయింది. చేతులు కడుక్కుని బట్టలు మార్చుకుంటే నా దగ్గరికి రావచ్చని నర్సు చెప్పింది. అయినా ఆవిడ షటర్ లోపలికి రాలేదు. సగం ఎత్తిన షటర్ కింద నుంచి క్యారియరు లోపలికి జరిపి, "అల్లుడుగారూ, వేడి మీద తినండి. జ్వరం చూసుకున్నారా?" అని అడిగేది. చూసుకున్నాను, లేదు అనేవాణ్ణి. "వంద దాటితే?" "మీకు ఫోన్ చేస్తాను, వెంటనే బయల్దేరతాం." "మాత్ర వేసుకుని చూద్దామనుకుంటారేమో?" "అనుకోను." ఇలా రోజూ టికెట్ తనిఖీ అయ్యాకే ఇంటికి వెళ్ళేది.

నర్సు నాకు గట్టిగా చెప్పినవాటిలో ఇంకోటి కూడా ఉంది. సూది, కత్తెర, బ్లేడు ముట్టుకోవద్దని. గడ్డం కూడా మిషన్‌తోనే. మందు వల్ల నా వేళ్ళ కొసలు మొద్దుబారాయని నీకు రాశాను కదా. షాపులో ఒంటరిగా కూర్చుంటే ఎదురుగా హోటలు వాళ్ళ కర్టెన్లు, అంచు కుట్టకుండా ఆగిపోయినవి, వేలాడుతున్నాయి. రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు మిషన్ ముందు కూర్చున్నాను. ఒక్క అంచు, అంతే అనుకున్నాను. ఎంత బాగా వచ్చిందో తెలుసా? ఎన్ని నెలల తర్వాతో, గీత గీసినట్టు వచ్చింది కుట్టు. తెల్లటి లైనింగ్ గుడ్డ మీద ఎర్రటి చుక్కలు పడుతుంటే ఎక్కడివా అని వెతికాను. సూది నా ఎడమచేతి చూపుడు వేల్లోంచి దిగి వచ్చింది. నాకు తెలియనే లేదు. కుళాయి కింద కడిగి, గుడ్డముక్క చుట్టుకుని, ఎవరికీ చెప్పలేదు. నేను దాచినవాటిలో ఇది మొదటిది.

తర్వాత ఒక పొద్దున చలిగా అనిపించి లేచాను. దుప్పటి మీద కర్టెన్ గుడ్డ కూడా కప్పుకున్నా వణుకు తగ్గలేదు. థర్మామీటర్ పెట్టుకుని చూశాను. నూట ఒకటి చిల్లర.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇక్కడి నుంచి కొంచెం మెల్లగా చదువు.

ఫోన్ నా దిండు పక్కనే ఉంది. ఏం చెయ్యాలో నాకు తెలుసు. మర్చిపోలేదు, అయోమయంగా కూడా లేను. థర్మామీటర్‌ని దాని డబ్బాలో పెట్టి, మూత బిగించి, గోడవైపు తిరిగి పడుకున్నాను. చావాలని కాదు. ఆ మాట నువ్వు నమ్మాలి. లేవాలని లేదు, అంతే. మళ్ళీ చొక్కా వేసుకోవాలి, ఆటో ఎక్కాలి, ఆ హాస్పిటల్ వాసన పీల్చాలి, నరం దొరక్క వాళ్ళు నా చెయ్యి తడుముతుంటే 'ఫరవాలేదండీ' అనాలి. అన్నిటికంటే ఆ 'ఫరవాలేదండీ' అనడానికే నాకు ఓపిక లేకపోయింది. నీ మొహం గుర్తొచ్చింది, గిలక గుర్తొచ్చింది. ఆ ఇద్దరూ కూడా ఎక్కడో దూరంగా, ఎవరి వాళ్ళో అన్నట్టు గుర్తొచ్చారు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతోంది.

మధ్యాహ్నం మీ అమ్మ వచ్చింది. షటర్ మీద చేత్తో కొట్టింది. క్యారియరు జరిపింది.

"అల్లుడుగారూ, వేడి మీద తినండి. జ్వరం చూసుకున్నారా?"

"చూసుకున్నాను అత్తయ్యా. లేదు."

"సరే" అని వెళ్ళింది. చెప్పుల చప్పుడు వీధిలో కొంతదూరం వినిపించి ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"వంద దాటితే ఏం చేస్తారో ఇవాళ చెప్పలేదు మీరు" అంది బయట నుంచి.

షటర్ పూర్తిగా పైకి లేచింది. వెలుగు కళ్ళల్లో పడింది. మీ అమ్మ వెనక గదిలోకి వచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని, తన పైటకొంగుతో కాకుండా గోడకున్న నా టవలుతో తుడుచుకుని, మంచం పక్కన వంగి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆవిడ నన్ను వట్టి చేత్తో ముట్టుకోవడం అదే మొదలు. చెయ్యి చల్లగా, గరుగ్గా ఉంది.

"ఎప్పటి నుంచి?"

"పొద్దున్నుంచి."

"చూసుకున్నావా?"

"చూశాను. నూట ఒకటి దాటింది."

"చూసి?"

"డబ్బాలో పెట్టేశాను."

ఆవిడ తిడుతుందనుకున్నాను. లేకపోతే ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. పక్కనున్న గుడ్డల తాను మీద కూర్చుంది.

"అలిసిపోయాను అత్తయ్యా" అన్నాను. ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది, మీ అమ్మ ఎదురుగా.

"నేనూ అలిసిపోయాను నాయనా" అంది. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. తర్వాత ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. "ఆ అలుపేదో హాస్పిటల్లోనే కూర్చుని తీర్చుకుందాం. లే. చెప్పులు వేసుకో" అంది.

గమనించావా? 'లే' అంది. 'మీరు' కాదు, 'నువ్వు'. మా అమ్మ పోయిన తర్వాత నన్ను 'లే' అని లేపినవాళ్ళు లేరు. లేచాను. లేచింది అందుకేనేమో కూడా.

గిలక దగ్గర పాలబూత్ ఆవిడ కూర్చుంది. హాస్పిటల్లో ఎమర్జెన్సీ దగ్గర గుంపు ఎప్పటిలాగే ఉంది. మీ అమ్మ నా రెక్క పట్టుకుని, "కీమో పేషెంటు, జ్వరం, దారివ్వండి, కొంచెం ముందుకి జరగండి" అని తన పాత కండక్టరు గొంతుతో అరిచింది. జనం నిజంగానే జరిగారు. నర్సులు కూడా ఒక పక్కకి జరిగారు. కూర్చోబెట్టిన కాసేపటికే రక్తం తీశారు, సీసా ఎక్కించారు. తెల్లకణాలు దాదాపు లేవట. వేలికున్న గుడ్డముక్క విప్పి చూసి డాక్టరు, "ఇదెప్పటిది?" అనడిగింది. చెప్పాను. "సాయంత్రం దాకా ఆగి ఉంటే నేను మీతో ఇలా మాట్లాడుతూ ఉండేదాన్ని కాదు" అంది, కోపంగా కూడా కాదు. ఆవిడకీ అలుపుగానే ఉన్నట్టుంది.

ఆ రెండు ఆదివారాలూ నేను హాస్పిటల్లోనే ఉన్నాను. మీ అమ్మ పొద్దున గిలక పొక్కులకి మందు రాసి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని నా దగ్గరికి వచ్చేది. సాయంత్రం ఇంటికెళ్ళి మళ్ళీ స్నానం, మళ్ళీ బట్టలు. నీకు చెప్పవద్దని నేనే అన్నాను. చెబితే నువ్వు అక్కడ గరిటె పడేసి వచ్చేస్తావు. నీ ఉద్యోగం ఉన్నన్నాళ్ళే నా మందు నడుస్తుంది. అది ఆవిడకీ తెలుసు. అందుకే నిద్రన్నా, స్నానమన్నా నోటికొచ్చింది చెప్పింది. ఆవిణ్ణి ఏమీ అనకు.

ఇప్పుడు జ్వరం లేదు. వేలు మానింది, గోరు మాత్రం నల్లగా ఉంది. గిలక చెక్కులన్నీ రాలిపోయాయి. కుడి కనుబొమ్మ పక్కన ఒక్క మచ్చ ఉండిపోయేట్టుంది. నేను ఇంటికొచ్చిన రోజు పిల్ల నా దగ్గరికి రాలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. మాటల పుట్ట అయ్యుండి, మనసులో ఉన్నది అన్నం తినేటప్పుడు గానీ బయటపెట్టలేదు.

"నా ఆటలమ్మ వల్లే నీకు జ్వరం వచ్చిందా నాన్నా?"

వేలు చూపించాను. "ఇదిగో, దీనివల్ల. కుట్టొద్దంటే కుట్టాను. మిషన్ కరిచింది."

"అమ్మమ్మ తిట్టిందా?"

"లేదు."

"మరి నేను తిట్టనా?"

తిట్టమన్నాను. చాలాసేపు తిట్టింది. తిట్టడం అయ్యాక వచ్చి ఆనుకుని కూర్చుంది. ముట్టుకుంటే ఏమీ కాదనీ, కౌగిలించుకోవచ్చనీ నర్సు మొదట్లోనే చెప్పింది. ఈ ఇంట్లో ఆ ఒక్క మాటే ఎవరూ బట్టీ పట్టలేదు.

ఒక వారం వాయిదా వేసి మొన్న సోమవారం మళ్ళీ మందు ఎక్కించారు. మీ అమ్మ తిరిగి 'అల్లుడుగారూ, మీరు' లోకి వెళ్ళిపోయింది. నేనూ ఏమీ జరగనట్టే ఉన్నాను. ఇంతటితో ఈ ఉత్తరం ఆపేద్దామనే కూర్చున్నాను. కానీ మంగళవారం ఒకటి చూశాను.

మధ్యాహ్నం బాత్‌రూమ్‌లో కుళాయి చాలాసేపటి నుంచి పారుతున్న చప్పుడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిచినా పలకలేదు. తోసి చూశాను. మీ అమ్మ బోర్లించిన బకెట్ మీద కూర్చుని, గోడకి తల ఆనించి నిద్రపోతోంది. నా దుప్పటి ఇంకో బకెట్లో నానుతోంది, నీళ్ళు పొంగి పోతున్నాయి. రెండు చేతులకీ గ్లౌజులున్నాయి. నిద్రలో కూడా ఆ చేతులు తన చీరకి తగలకుండా మోకాళ్ళకి అటూ ఇటూ గాల్లో పట్టుకుని ఉంది. ఎలా నిలబడ్డాయో ఆ చేతులు. నేను కుళాయి కట్టేశాను.

ఆ నిశ్శబ్దానికి కదిలి, కళ్ళు తెరవకుండానే, "ఏ స్టేజీ వచ్చింది?" అంది.

"ఇంకా చాలా దూరం ఉంది. పడుకోండి" అన్నాను.

అప్పుడు తెలివొచ్చి సిగ్గుపడిపోయింది. "మీరిక్కడికెందుకొచ్చారు, బయటికి పదండి" అని గద్దించింది. గ్లౌజులు నర్సు నేర్పినట్టే లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పి తీసింది. చేతులు చూశాను. బ్లీచింగ్ నీళ్ళకీ, రోజంతా కడిగే సబ్బుకీ కణుపుల దగ్గర చర్మం చీలిపోయి ఉంది. గుప్పిట మూసుకోవడం లేదు. ఆటలమ్మ రోజుల నుంచీ ఇంతేనట. "దానికి రాయకండి. అంతమందికి వండి పెట్టే పిల్ల, ఈ దిగులుతో అక్కడ చెయ్యి కాల్చుకుంటుంది" అంది.

రాస్తున్నాను. ఆవిడకి చెప్పకుండా రాస్తున్నాను.

నీ సెలవంతా నా ఆపరేషన్ నాటికని దాచిపెట్టావని తెలుసు. ఆ రోజు నేను మత్తులో ఉంటాను. నువ్వు పక్కన కూర్చున్నా, ఎవరు కూర్చున్నా నాకు ఒకటే. ఆ సెలవు ఇప్పుడు వాడుకో. ఉద్యోగం మానెయ్యమనడం లేదు. వచ్చి, ఉన్నన్నాళ్ళుండి, వెళ్ళిపో. ఇన్నాళ్ళూ ప్రతి ఉత్తరంలో రావద్దని రాసినవాణ్ణి నేనే. ఈసారి రమ్మంటున్నాను. ఆ మధ్యాహ్నం డబ్బా మూత బిగించి పడుకున్నాను కదా, అలాంటిది మళ్ళీ వస్తే చెప్పుకోవడానికి నాకొక మనిషి కావాలి. మీ అమ్మకి చెప్పుకోగలనని ఆరోజు తెలిసింది గానీ, ఆవిడ మీద ఇంకొక బరువు పెట్టలేను.

వచ్చిన రోజు మాత్రం ముందు నా దగ్గరికి రాకు. గిలక నీ మీద పడుతుంది, దాన్ని కూడా కాసేపు ఆగమను. నేరుగా వెనక్కి వెళ్ళి, మీ అమ్మ చేతుల్లోంచి ఆ పని లాక్కో. ఊరికే ఇవ్వదు. నీకు చేతకాదంటుంది, దుప్పటి రెండుసార్లు ఉతకాలంటుంది, నువ్వు ప్రయాణం చేసి వచ్చావంటుంది. వినకు. గట్టిగా కసిరి, మంచం మీద పడుకోబెట్టి, దీపం ఆర్పెయ్యి. నేను ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ లేచి నిలబడుతోంది. నేను అల్లుణ్ణి, ఎంతవరకని దబాయించగలను? కూతురు కసిరితేనే ఆవిడ పడుకుంటుంది.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తూ,
గిలక వాళ్ళ నాన్న